ఊరి చెరువుకు ఫోనుతో పటం గీయడం ఎలా

నెల్లూరు జిల్లాలో ఏ పల్లె చెరువు కట్ట మీద నిలబడి ఫోనులో మ్యాపు తెరిచినా చాలాసార్లు కనిపించేది పేరు లేని నీలి మచ్చ. తూములు ఉండవు. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే కలుజు ఉండదు. కలుజు మీంచి పొర్లిన నీళ్ళు ఏ వాగులో కలుస్తాయో ఉండదు. తూములు ఎత్తి దించి నీళ్ళు వదిలే లస్కరుకు అవన్నీ నోటికొచ్చు. ఏ తూము కింద ఎవరి పొలాలు పారతాయో, ఏ తూముకు ఎందుకు ఆ పేరొచ్చిందో ఊళ్ళో పెద్దవాళ్ళు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. వాళ్ళ తర్వాత ఆ పేర్లు చెప్పేవాళ్ళు ఉండరు. వాటిని పటంలోకి ఎక్కించడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోను, ఉచితంగా దొరికే నాలుగు యాప్‌లు, రెండు ఉదయాలు, ఇంట్లో కంప్యూటర్ ముందు ఒక సాయంత్రం చాలు.

లెక్కల కోసం ఇక్కడ 40 ఎకరాల చెరువును అనుకుందాం. మీ చెరువు చిన్నదైనా పెద్దదైనా పద్ధతి మారదు.

ఫోను చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చు

ఈ సంగతి తెలియకుండా కట్ట ఎక్కొద్దు. ఆకాశం బాగా తెరిపిగా ఉన్న చోట మంచి ఫోను మనమున్న చోటును 3 నుంచి 5 మీటర్ల తేడాతో చెబుతుంది. మామిడి తోపులో, తాటిచెట్ల కింద, మిద్దె గోడ పక్కన ఆ తేడా 10, 15 మీటర్లకు పోతుంది. మ్యాపులో మీ చుక్క చుట్టూ కనిపించే నీలి వలయం ఈ తేడానే చూపిస్తుంది. ఆండ్రాయిడ్ దాన్ని 68 శాతం నమ్మకంతో గీస్తుంది. అంటే '4 మీటర్లు' అని రాసి ఉన్నా, మూడుసార్లలో ఒకసారి మీరు నిజంగా ఆ వలయానికి బయటే ఉంటారు.

దీన్ని విస్తీర్ణం మీద వేసి చూడండి. 40 ఎకరాల చెరువును నలుచదరం అనుకుంటే ఒక్కో పక్క సుమారు 400 మీటర్లు, చుట్టుకొలత 1,600 మీటర్లు. గీత అంతటా 3 మీటర్లు బయటికే జరిగిందనుకున్నా, పెరిగేది 4,800 చదరపు మీటర్లు, అంటే ఎకరం పైన 20 సెంట్లు. 40 ఎకరాల్లో అది 3 శాతం. పటానికి ఇది చాలు. ఇప్పుడు 5 సెంట్ల ఇంటి స్థలం తీసుకోండి. దాని విస్తీర్ణం 202 చదరపు మీటర్లు, ఒక్కో పక్క 14 మీటర్లు. అదే 3 మీటర్ల తేడాకు ఇక్కడ 170 చదరపు మీటర్లు మారిపోతుంది. 5 సెంట్లు 9 సెంట్లు అయిపోతాయి.

రీసర్వేకు వచ్చిన సర్వేయర్ల చేతిలోని రోవర్ అనే కొలత పరికరం సెంటీమీటర్లలో చెబుతుంది కదా, ఫోను ఎందుకు చెప్పదు అని అడుగుతుంటారు. రోవర్ ఉపగ్రహాలతో పాటు, భూమ్మీద స్థిరంగా పాతిన సీఓఆర్ఎస్ స్టేషన్ల నుంచి ఎప్పటికప్పుడు సవరణలు అందుకుంటుంది. ఫోనుకు మామూలుగా ఆ సవరణలు అందవు, దాని యాంటెన్నా కూడా వేలి గోరంత ఉంటుంది. అందుకే చెరువుకు, వాగుకు, దారికి, గుడికి ఫోను పనికొస్తుంది. గట్టు తగాదాకు పనికిరాదు. ఫోను స్క్రీను చూపించి 'నీ గట్టు నాలోకి రెండు గజాలు వచ్చింది' అని ఎవరితోనూ వాదానికి దిగొద్దు.

చేతిలో ఏముండాలి

ఫోను కొత్తది కొనక్కర్లేదు. కొనే ఆలోచన ఉంటే మాత్రం రెండు తరంగాలు, ఎల్1, ఎల్5, అందుకునే ఫోను చూసుకోండి. గోడలకు, చెట్లకు తగిలి వచ్చే సంకేతాలను ఎల్5 బాగా వేరు చేస్తుంది. ఉన్న ఫోనులో ఏముందో తెలియాలంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని ఆరుబయట రెండు నిమిషాలు ఉంచండి. ఏ దేశపు ఉపగ్రహం ఎంత బలంగా అందుతుందో జెండా బొమ్మలతో వరుసగా చూపిస్తుంది. బలం అంకె 30 దాటిన ఉపగ్రహాలు పదీ పన్నెండు ఉంటే నిశ్చింతగా పని మొదలెట్టొచ్చు. వరుసలో మన జెండా కనిపిస్తే, మన తీరానే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ ఉపగ్రహం సంకేతం మీ ఫోనుకు అందుతోందన్నమాట.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి పెట్టుకోండి. 30 మీటర్ల టేపు, తూము వెడల్పు, కలుజు పొడవు కొలవడానికి. ప్లాస్టిక్ పలక మీద ఉండే దిక్సూచి. నోటుబుక్కు, పెన్సిల్: చెమట చేతికి పెన్ను రాత అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.

ఫోనులోనే దిక్సూచి ఉంది కదా అంటే, దాన్ని అయస్కాంతపు కవర్లు, పవర్ బ్యాంకు, బండి ట్యాంకు అన్నీ తప్పుదోవ పట్టిస్తాయి. కవరు తీసేసి, ఫోనును గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పి, ఆ తర్వాత చేతి దిక్సూచితో సరిపోల్చండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే కాబట్టి చెరువు పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

చేతి జీపీఎస్ పరికరం చెరువుకు అవసరం లేదు. ఉదయగిరి కోట ఎక్కేవాళ్ళకు, పెంచలకోన వైపు వెలిగొండల్లో నడిచేవాళ్ళకు అది విలువైన వస్తువే. రెండు పెన్సిల్ సెల్లులతో రోజంతా నడుస్తుంది, తడి చేత్తోనూ బటన్లు నొక్కొచ్చు, కింద పడినా పగలదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు మాత్రం విదేశాల నుంచి తెప్పించుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి మన దేశంలో వాడటం నేరం.

ముందు రోజు ఇంట్లో చేయాల్సింది

మొదట ఆస్మ్‌అండ్ వేసుకుని ఆంధ్రప్రదేశ్ మ్యాపును వైఫై మీద దించుకోండి. ఉచిత రూపంలో దించుకోగల మ్యాపుల సంఖ్యకు పరిమితి ఉంటుంది, ఒక రాష్ట్రం చాలు కాబట్టి ఇబ్బంది లేదు. అందులో 'ట్రిప్ రికార్డింగ్' ప్లగిన్ ఆన్ చేయండి. రెండోది ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్. నడిచిన గీత రాయడానికి ఆస్మ్‌అండ్, తూములు, కలుజుల్లాంటి వాటిని వివరాలతో సహా నమోదు చేయడానికి ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్. ఇందులో ముందుగానే ఒక ఫారం తయారు చేసి పెట్టుకోవచ్చు: పేరు, రకం, పని చేస్తోందా లేదా, వెడల్పు, ఎవరు చెప్పారు, ఫోటో. కట్ట మీద ఎండలో నిలబడి టైపు చేసే పని సగానికి తగ్గుతుంది.

తర్వాత చేసేది చిన్న పనే కానీ, దీన్ని మరిచిపోయినవాళ్ళ పనే ఎక్కువ పాడవుతుంది. ఫోను సెట్టింగ్స్‌లో ఈ రెండు యాప్‌లకు లొకేషన్ అనుమతిని 'ఖచ్చితమైన స్థానం' అని పెట్టి, బ్యాటరీ విభాగంలో 'అన్‌రెస్ట్రిక్టెడ్' చేయండి. చేయకపోతే స్క్రీను ఆరిన కొన్ని నిమిషాలకు ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. మీరు కట్టంతా నడిచి వస్తారు, పటంలో మొదటి 200 మీటర్ల తర్వాత ఆఖరి మలుపు దాకా ఒకటే తిన్నని గీత, చెరువు మధ్య నుంచి. కొన్ని కంపెనీల ఫోన్లలో 'ఆటోస్టార్ట్' అని వేరే మీట కూడా ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. ఇంటి చుట్టూ పది నిమిషాలు స్క్రీను ఆపి నడిచి, గీత తెగకుండా వచ్చిందో లేదో చూసుకున్నాకే బయల్దేరండి.

పాత పటం ఒకటి దగ్గరుంటే పని బలంగా ఉంటుంది. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తన 1:50,000 ఓపెన్ సిరీస్ పటాలను ఆన్‌లైన్ పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది. లాగిన్ అయి పీడీఎఫ్ దించుకోవచ్చు. ఆ పటంలో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. పాత లెక్కలో నెల్లూరు పట్టణం 57ఎన్/15 షీటులో వస్తుంది. ఊరికి తూర్పున రెండు కిలోమీటర్ల దూరంలోనే 80 డిగ్రీల రేఖాంశం పోతుంది కాబట్టి, అది దాటగానే షీటు మారి 66బి/3 అవుతుంది. ఇందుకూరుపేట వైపు ఊళ్ళవాళ్ళు ఈ రెండో షీటు వెతుక్కోవాలి. ఈ పటాల్లో ఎత్తు గీతలు 20 మీటర్లకొకటి గీస్తారు. కోస్తా పల్లెల్లో షీటంతా వెతికినా ఒకటి రెండు గీతలు కనిపిస్తే గొప్ప. కానీ చెరువు కట్టలు, వాగులు, పాత బండి దారులు శ్రద్ధగా గీసి ఉంటాయి. మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం కూడా చూసుకోండి. సర్వే నంబర్లను బట్టి చెరువు పోరంబోకు ఎంతవరకు ఉందో అర్థమవుతుంది. పొలాల కొలతలు రాసి ఉండే పాత ఎఫ్ఎంబీ పుస్తకాల్లో కొలతలు లింకుల్లో ఉండొచ్చు. ఒక లింకు 20.12 సెంటీమీటర్లు, 100 లింకులు ఒక గొలుసు.

అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత

నెల్లూరు జిల్లాలో ఎక్కడ నిలబడినా అక్షాంశం 14 తోనో 15 తోనో మొదలవుతుంది, రేఖాంశం 79 తోనో 80 తోనో. ఒంగోలు వైపు అక్షాంశం 15. ఈ రెండు జతలు గుర్తుంటే తప్పు రాత చూడగానే దొరికిపోతుంది. నెల్లూరు సుమారుగా 14.44, 79.98. వీటిని తిరగేసి రాస్తే మీ చుక్క నార్వేకు ఉత్తరాన మంచులో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ఈ తప్పు జరగడానికి కారణం ఉంది. గూగుల్ మ్యాప్స్ అక్షాంశాన్ని ముందు రాస్తుంది. కేఎంఎల్, జియోజేసన్ ఫైళ్ళు లోపల రేఖాంశాన్ని ముందు రాస్తాయి. ఫైలులోంచి చేత్తో కాపీ చేసేటప్పుడు వరుస మారుతుంది.

దశాంశాల్లో ఐదు అంకెలు రాయండి. మన దగ్గర ఐదో అంకె మీటరుకు సమానం. మూడే రాస్తే 100 మీటర్లు గల్లంతు. ఎనిమిది రాసినా లాభం లేదు, ఫోనుకు అంత చూపు లేదు. డిగ్రీ, నిమిషం, సెకను పద్ధతిలో ఒక సెకను సుమారు 30 మీటర్లు.

చేయి తిరగడానికి మంచి కసరత్తు ఒకటి మన దగ్గరే ఉంది. 15.00000, 80.00000 అనే స్థానం కావలికి ఉత్తరాన తొమ్మిది పది కిలోమీటర్ల దూరంలో నేల మీదే ఉంది. యాప్‌లో సున్నాలన్నీ వరుసగా వచ్చేదాకా దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించండి. మీరు కదలకుండా నిలబడినా ఆఖరి అంకెలు ఎలా ఊగుతున్నాయో చూస్తే, పైన చెప్పిన 3 నుంచి 5 మీటర్ల తేడా కళ్ళకు కడుతుంది. ఎవరి పొలంలోకైనా దిగాల్సి వస్తే అడిగి దిగండి.

కట్ట మీద నడక

పొద్దున 6 గంటలకు మొదలెట్టి 9 లోపు ముగించండి. రోహిణి కార్తె ఎండలో ఫోను పది గంటలకే కాలుతుంది. వేడెక్కిన ఫోను వెలుగు తగ్గించుకుంటుంది, చార్జింగ్ ఆపేస్తుంది, ఒక్కోసారి తనంతట తానే ఆగిపోతుంది. తడి గుడ్డ చుట్టొద్దు, నీడలో ఉంచి కవరు తీసేస్తే చాలు. ఇద్దరు కలిసి వెళ్ళండి. చిల్లకంప పట్టిన కట్టలో ఒకరు దారి చూసుకోవాలి, ఒకరు ఫోను చూసుకోవాలి.

ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి నెట్ ఆన్ చేసి లొకేషన్ పట్టించండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదన్నది నిజమే కానీ, ఉపగ్రహాల జాడ చెప్పే సమాచారం నెట్ ద్వారా క్షణాల్లో వస్తుంది. నెట్ లేకపోతే దాన్ని ఉపగ్రహం నుంచే అందుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన జాడను 30 సెకన్లకొకసారి చెబుతుంది, మొత్తం పట్టిక పూర్తవడానికి 12 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. కట్ట ఎక్కాక 'ఇంకా పట్టట్లేదు' అని ఫోను ఆపి ఆన్ చేస్తూ పోతే ప్రతిసారీ ఈ లెక్క మొదటికొస్తుంది.

రికార్డింగ్ వ్యవధి 5 సెకన్లు పెట్టండి. మామూలు నడకలో అది ఐదారు మీటర్లకొక చుక్క. అదే పని బైకు మీద 30 కిలోమీటర్ల వేగంతో చేస్తే చుక్కకూ చుక్కకూ మధ్య 40 మీటర్లు పోతాయి, కట్ట వంపులన్నీ తిన్నగా కోసేసినట్టు వస్తాయి. కట్టను నడిచే గీయాలి. ఫోనును చొక్కా జేబులో పెట్టకండి. ఆకాశం కనబడేలా చేతిలోనో, భుజం సంచీ పై జేబులోనో ఉండాలి.

ఎవరైనా పలకరిస్తే, టీకి ఆగితే రికార్డింగును పాజ్ చేయండి. నిలబడి ఉన్నంతసేపూ ఫోను అటూఇటూ ఊగిన చుక్కలు రాస్తూనే ఉంటుంది. పటంలో అది పిచ్చిక గూడులా చిక్కుపడుతుంది, నడిచిన దూరం కూడా లేనిపోనంత పెరుగుతుంది. ఒక చివర నుంచి మరో చివరకు వెళ్ళాక, తిరిగి వచ్చేటప్పుడు కూడా రికార్డు చేయండి. పోయిన గీత, వచ్చిన గీత మధ్య ఎడం చూస్తే మీ ఫోను ఆ రోజు ఎంత తప్పిందో మీకే తెలుస్తుంది. ఎడం 8 మీటర్లు దాటితే ఇంకోసారి నడవండి.

కట్ట అవతలి పక్క, నీళ్ళు నిలిచే లోతట్టు అంచు చుట్టూ నడవబోయి బురదలో దిగకండి. నీటి అంచు పుష్యంలో ఒక చోట ఉంటుంది, వైశాఖంలో ఇంకో చోట. ఏ రోజు నడిస్తే ఆ రోజు గీతే వస్తుంది. నిండు చెరువు హద్దు కావాలంటే ఆకాశం నుంచి చూడాలి. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఐదు రోజులకొక కొత్త చిత్రం వస్తుంది. ఒక్కో గడి 10 మీటర్లు, అంటే మన 40 ఎకరాల చెరువు సుమారు 1,600 గళ్ళలో కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో మబ్బులే ఎక్కువ కాబట్టి, ఈశాన్య రుతుపవనం వానలు వెలిసిన డిసెంబరు ఆఖర్లోనో జనవరిలోనో తేట రోజు ఒకటి ఎంచుకోండి. ఎండాకాలంలో నేల మీద నడిచేవాళ్ళకు కూడా ఆనవాళ్ళు దొరుకుతాయి: నీరు తెచ్చి వదిలిన చెత్త గీత, చిల్లకంప మొదలైన అంచు. ఆ రెండూ కలిసే చోట నాలుగైదు చుక్కలు పెట్టుకుంటే ఉపగ్రహపు గీతను సరిచూసుకోవచ్చు.

తూము దగ్గర ఆగండి

పటానికి ప్రాణం ఇక్కడుంది. ప్రతి తూము దగ్గరా కనీసం ఐదు నిమిషాలు గడపండి. ఫోనును తూము రాయి మీద వెల్లకిలా పెట్టి, మీరు పక్కకు జరగండి. మనిషి ఒళ్ళు కూడా సంకేతాన్ని కొంత ఆపుతుంది. మొదటి నిమిషం చుక్క ఊగుతూనే ఉంటుంది, తీసుకోకండి. ఆ తర్వాత రెండు మూడు నిమిషాల పాటు వచ్చిన స్థానాల సగటు తీసుకోండి. యాప్‌లో సగటు వసతి లేకపోతే 20 సెకన్లకొకసారి ఆఖరి మూడు అంకెలు నోటుబుక్కులో రాసి, ఇంటికొచ్చాక సగటు కట్టండి. చెట్టు నీడ పడే తూము అయితే 30 మీటర్ల టేపు తీయండి. తెరిపిలో ఒక చుక్క తీసుకుని, అక్కడి నుంచి తూముకు దూరం, దిక్సూచిలో డిగ్రీలు రాసుకోండి. ఫోను 12 మీటర్లు తప్పే చోట టేపు అంగుళం తప్పదు.

ఫోటోలు మూడు: కట్ట మీది నుంచి తూము, నీళ్ళ వైపు నుంచి, కాలువ వైపు నుంచి. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్ చేసి ఉంచండి. ఆ ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే స్థానం వివరం ఊడిపోతుంది. 'డాక్యుమెంట్' గా పంపితే నిలుస్తుంది. ఎవరికైనా తూము చిరునామా చెప్పాలంటే తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ పనికొస్తుంది. దేశమంతటినీ సుమారు 4 మీటర్ల గళ్ళుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు.

పేర్లు అడిగే పద్ధతి ఒకటుంది. 'తాతా, ఈ తూము పేరు పెద్ద తూమే కదా?' అని అడిగితే అవునంటారు. 'తాతా, ఈ తూమును ఏమంటారు?' అని అడగండి. కనీసం ఇద్దరిని, విడివిడిగా. ఇద్దరూ వేర్వేరు పేర్లు చెబితే రెండూ రాసుకోండి. ఎగువ పల్లెవాళ్ళది ఒకటి, ఆయకట్టు రైతులది ఒకటి ఉండటం మామూలే. పలికినట్టే రాయండి. మన జిల్లాలో పాళెం అని పలికే ఊరిని పాలెం చేయకండి, కలుజును అలుగు చేయకండి. వాళ్ళు ఒప్పుకుంటే ఆ మాటను ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. రాతలో సందేహం వచ్చినప్పుడు వినడానికి ఉంటుంది.

కలుజు దగ్గర రెండు చివరలకూ చెరో చుక్క పెట్టి, పొడవు టేపుతో కొలవండి. అక్కడి నుంచి వాగు వెంట ఓ అర కిలోమీటరు నడిచి, నీళ్ళు ఎటు పోతాయో గీత తీసుకోండి.

ఎత్తు విషయంలో ఫోను మాట వినకండి

మైపాడు తీరంలో అలల అంచున నిలబడి కొన్ని యాప్‌లు తెరిస్తే, ఎత్తు మైనస్ 80 నుంచి 90 మీటర్లని కనిపిస్తుంది. ఫోను పాడైపోలేదు. జీపీఎస్ ఎత్తును లెక్కించేది సముద్రం నుంచి కాదు, భూమికి గణితంలో గీసుకున్న నున్నటి ఆకారం నుంచి. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ బలహీనంగా ఉండటం వల్ల అక్కడి సముద్ర మట్టం ఆ ఆకారం కంటే సుమారు 106 మీటర్లు కిందికి ఉంది. మన తీరం ఆ పల్లానికి వాలుగా ఉంది. ఈ తేడాను సవరించే జియాయిడ్ ఫైలు ఆస్మ్‌అండ్‌లో దించుకోవచ్చు. దించుకున్నాక మైపాడులో ఎత్తు సున్నా దగ్గరికి వస్తుంది, అప్పుడు కూడా అడ్డం తేడా కంటే నిలువు తేడా ఎక్కువే.

గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే ఫోన్లు, గడియారాలు కొన్ని ఉన్నాయి. ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే ఎత్తు 8 మీటర్లు పెరిగినట్టు అవి లెక్కిస్తాయి. మామూలు రోజున కూడా మన దగ్గర ఒత్తిడి పొద్దున పదింటికి ఎక్కువై, సాయంత్రం నాలుగింటికి మూడు హెక్టోపాస్కళ్ళ దాకా తగ్గుతుంది. మీరు కుర్చీలోంచి లేవకుండానే గడియారం మిమ్మల్ని 25 మీటర్లు పైకెక్కిస్తుంది.

తూము అడుగుకూ కలుజుకూ ఎత్తు తేడా కావాలంటే మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు అడిగి తెచ్చుకోండి. పారదర్శకమైన ఆ పైపులో నీళ్ళు నింపి, బుడగ ఒక్కటీ లేకుండా చూసి, రెండు చివరల్లో నీటి మట్టాన్ని కర్ర మీద గుర్తు పెట్టుకుంటూ అంచెలంచెలుగా పోవాలి. ఈ పనిలో ఏ ఫోనూ దాని దరిదాపుల్లోకి రాదు.

ఇంటికొచ్చాక

ఆ రోజే చేయండి. రెండు రోజులు ఆగితే నోటుబుక్కులో '3వది, చెట్టు పక్క' అంటే ఏదో మీకే గుర్తుండదు. ఆస్మ్‌అండ్ నుంచి గీతను జీపీఎక్స్‌గా, ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ నుంచి చుక్కలను జియోప్యాకేజీగా కంప్యూటర్‌లోకి పంపి, ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరవండి. షేప్‌ఫైలుగా తీసుకోకండి. ఆ పాత పద్ధతిలో గడి పేరుకు పది బైట్లే చోటు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది, గుణింతం గుర్తు కూడా విడిగా లెక్కే. 'తూము' అనే చిన్న మాటకే నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. అది కూడా పట్టదు. విలువల్లో కూడా తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోయే ప్రమాదం ఉంది. సీఎస్‌వీ వాడితే యూటీఎఫ్-8 ఎంచుకోండి.

ఫైళ్ళను ఈపీఎస్‌జీ 32644 లోకి మార్చి దాచండి. అది స్థానాన్ని డిగ్రీల్లో కాక మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలం. తూర్పు రేఖాంశం 78 నుంచి 84 డిగ్రీల దాకా అదే కాబట్టి నెల్లూరు, ప్రకాశం రెండూ పూర్తిగా అందులోకే వస్తాయి. మార్చకుండా డిగ్రీల్లోనే విస్తీర్ణం లెక్క కడితే 40 ఎకరాల చెరువుకు 0.0000136 లాంటి అంకె రావచ్చు. అది చదరపు డిగ్రీలు, దేనికీ పనికిరాదు. మార్చాక వచ్చే చదరపు మీటర్లను 4,046.86తో భాగిస్తే ఎకరాలు.

పోయిన గీత, వచ్చిన గీత రెంటికీ మధ్యగా కట్టను కొత్త గీతగా గీయండి. ఒక్క చుక్క దూరంగా ఎగిరిపోయి ఉంటే తీసేయండి. వరుసగా పది చుక్కలు పక్కకు పోయి ఉంటే తీసేయకండి, అక్కడ నిజంగానే కట్ట వంపు ఉండొచ్చు. ఫోటో చూడండి, లేదా మళ్ళీ వెళ్ళండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించడం

2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఆస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు దీన్నే చూపిస్తాయి. ఖాతా తెరిచి, బ్రౌజర్‌లోనే 'సవరించు' నొక్కి మీ జీపీఎక్స్‌ను దాని మీద పరవండి. వెనకాల కనిపించే ఉపగ్రహ చిత్రం మీ గీతకు కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. చిత్రాన్ని నమ్మి అలాగే గీసేయకండి. కట్ట మీది నాలుగైదు చోట్ల మీ గీతతో పోల్చి, చిత్రాన్నే జరిపే వసతి అందులో ఉంది, దాన్ని వాడండి.

గీసిన ప్రతిదానికీ అదేమిటో చెప్పే ఇంగ్లీషు ట్యాగ్ తగిలించాలి. చెరువు నీటి హద్దుకు నేచురల్ = వాటర్, వాటర్ = రిజర్వాయర్. ఎండిపోయే చెరువైతే ఇంటర్మిటెంట్ = యెస్. తూముకు వాటర్‌వే = స్లూయిస్ గేట్, కలుజుకు వాటర్‌వే = వియర్, పంట కాలువకు వాటర్‌వే = కెనాల్. కాలువనూ వాగునూ నీళ్ళు పారే దిక్కుకే గీయాలి, ఎదురు గీస్తే పటంలో నీళ్ళు ఎదురు పారతాయి. తెలుగు పేరు 'నేమ్:టీఈ' గడిలో వేయండి. రెండో పేరు ఉంటే 'ఆల్ట్ నేమ్' లో.

గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు, గీతలు ఇందులోకి కాపీ చేయొద్దు. వాళ్ళ హక్కులు వాళ్ళవి, పట్టుబడితే మీరు చేసిన సవరణలన్నీ తీసేస్తారు. మీ కాళ్ళతో నడిచింది, మీ చెవులతో విన్నది మాత్రమే ఎక్కించండి. రైతుల పేర్లు, ఫోను నంబర్లు ఎక్కించకండి. జిల్లా, మండల హద్దుల జోలికి కూడా వెళ్ళకండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. ఇలాంటి గీతలు గెజిట్ చూసి దిద్దాల్సినవి.

ఒక కాగితం మీదికి

క్యూజీఐఎస్‌లో 1:5,000 కొలతకు పెట్టి ఏ3 కాగితం మీద ప్రింటు తీయండి. సెంటీమీటరుకు 50 మీటర్లు, మన చెరువు ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పున వస్తుంది, తూముల పేర్లకు చుట్టూ కావలసినంత చోటు మిగులుతుంది. తెలుగు అక్షరాలకు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి. కొన్ని ఫాంట్లలో ఒత్తులు విడిపోతాయి, పీడీఎఫ్ చేశాక పెద్దది చేసి ఒక్కో పేరూ చదవండి. ఉత్తరం గుర్తు, కొలబద్ద, నడిచిన తేదీ, ఆ రోజు నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో తప్పక వేయండి.

ఆ మొదటి ప్రింటును ఒక ఎర్ర పెన్సిల్‌తో సహా లస్కరు చేతికి, పేర్లు చెప్పిన పెద్దల చేతికి ఇచ్చి ఒక పూట వదిలేయండి. వాళ్ళు కొట్టేసింది, చేర్చింది చూసుకుని ఆ చోట్లకు మాత్రం రెండో ఉదయం వెళ్ళి, సరిచేసిన పటాన్ని మళ్ళీ ఎక్కించి, రెండో ప్రింటుకు లామినేషన్ వేయించి ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి బడిలో ఇవ్వండి.